డిజిటల్ పెయింటింగ్‌కు తుది మెరుగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బొమ్మ వేయడం దాదాపు పూర్తయింది, కానీ ఎక్కడో ఏదో వెలితి. ఆ దశలో వచ్చే ప్రశ్నలకు జవాబులివి. ఫోటోషాప్, క్రిటా, క్లిప్ స్టూడియో పెయింట్, ప్రోక్రియేట్ వంటి ఏ ప్రోగ్రామ్ వాడేవారికైనా పనికొస్తాయి. పిక్సెళ్లలో చెప్పిన కొలతలు 4000 పిక్సెళ్ల వెడల్పున్న కాన్వాస్‌కు సరిపోతాయి. మీది 2000 అయితే వాటిని సగం చేసుకోండి. చిన్న సైజుకు వేరే కొలత అవసరమైన చోట విడిగా చెప్పాం.

ఫినిషింగ్ మొదలుపెట్టే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

బొమ్మను 200 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి చూడండి. అంత చిన్నగా ఉన్నప్పుడు కూడా ఎవరున్నారు, ఎక్కడున్నారు, వెలుగు ఎటునుంచి పడుతోంది అన్నవి తెలిసిపోవాలి. తెలియడం లేదంటే లోపం కంపోజిషన్‌లోనో వెలుగునీడల్లోనో ఉంది. ఎంత టెక్స్చర్ వేసినా, ఎంత గ్లో చేర్చినా ఆ లోపం పోదు, పైగా తర్వాత సరిదిద్దడం ఇంకా కష్టమవుతుంది. ముందు వెనక్కి వెళ్లి దాన్ని చక్కదిద్దండి.

పనులు ఏ వరసలో చేయాలి?

పెద్దవాటి నుంచి చిన్నవాటికి. మొదట వెలుగునీడలు, తర్వాత ఆకారాల్లోని తప్పులు, ఎడ్జ్‌లు (రంగులు కలిసే అంచులు), ముఖ్యమైన చోట వివరాలు, రంగుల సవరణ, గ్లో వంటి ఎఫెక్ట్‌లు. ఇవయ్యాక కావలసిన సైజుకు కుదించి, చివరగా షార్పెనింగ్ (వివరాలకు పదును పెట్టడం), గ్రెయిన్ (బొమ్మంతా పరిచే సన్నని చుక్కలు). వరస తప్పితే రెట్టింపు పని పడుతుంది. గ్రెయిన్ వేశాక ముఖం మీద మళ్లీ బ్రష్ పెడితే ఆ మచ్చ మాత్రం నున్నగా, అతుకు వేసినట్టు కనిపిస్తుంది. షార్పెన్ చేశాక కుదిస్తే చేసిన షార్పెనింగ్ సగం కొట్టుకుపోతుంది.

వెలుగునీడలు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి బొమ్మను బ్లాక్ అండ్ వైట్‌లోకి ఎలా మార్చాలి?

అన్నిటికన్నా పైన ఒక కొత్త లేయర్ పెట్టి, నలుపుతో నింపి, బ్లెండ్ మోడ్‌ను (లేయర్ తన కిందివాటితో కలిసే తీరును) కలర్‌కు మార్చండి. లేయర్ పక్కనున్న కన్ను గుర్తు ఆన్ చేస్తే బొమ్మ బూడిద రంగులో కనిపిస్తుంది, ఆఫ్ చేస్తే రంగుల్లోకి వస్తుంది. పైన చెప్పిన నాలుగు ప్రోగ్రామ్‌లలోనూ ఈ మోడ్ ఉంది.

ఫోటోషాప్‌లోని డీశాచురేట్ ఆదేశాన్ని మాత్రం ఈ పనికి వాడకండి. అది ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లలోని అతి పెద్ద విలువకూ అతి చిన్నదానికీ సగటు తీస్తుంది. అందువల్ల నిండు పసుపు, నిండు నీలం రెండూ (0 నలుపు, 255 తెలుపు అయిన కొలతలో) 128 దగ్గర ఒకే బూడిదగా తేలతాయి. మన కంటికి పసుపు ఎంతో వెలుగుగా, నీలం ఎంతో ముదురుగా కనిపిస్తాయి కదా. కలర్ మోడ్ పద్ధతిలో ఆకుపచ్చకు ఎక్కువ, నీలానికి తక్కువ బరువు పడుతుంది కాబట్టి పసుపు 227 దగ్గర, నీలం 28 దగ్గర వస్తాయి. కంటికి కనిపించేదానికి దగ్గరగా ఉన్నది ఇదే.

బూడిద రంగులో చూసేటప్పుడు రెండు సంగతులు గమనించండి. ఒకటి, నీడలో అన్నిటికన్నా లేతగా ఉన్న చోటు వెలుగులో అన్నిటికన్నా ముదురుగా ఉన్న చోటుకంటే ముదురుగా ఉందా? దవడ కింద ప్రతిఫలించే కాంతిని మరీ లేతగా వేయడం చాలామంది చేసే తప్పు. దానితో నీడ నీడలా ఉండదు, ముఖం గుండ్రదనం పోతుంది. తెల్ల బట్ట పక్కన నల్ల జుట్టు వంటి చోట్ల ఈ సూత్రాన్ని ఒకే వస్తువు వరకే చూసుకోవాలి. రెండు, అతి లేత, అతి ముదురు రంగులు పక్కపక్కన చేరిన చోటు ఏది? చూపు మొదట అక్కడికే పోతుంది. అది ముఖం కాకుండా మూలనున్న కిటికీ అయితే కిటికీని ఒక మెట్టు తగ్గించండి. ముఖాన్ని ఇంకా ప్రకాశవంతం చేయబోతే చివరికి తెలుపు దాకా వెళ్లి ఆగిపోతారు.

అద్దంలో లాగా తిప్పి చూస్తే ముఖం వంకరగా ఉంది. ఇప్పుడు ఏం చేయాలి?

తిప్పి చూడటం మంచి అలవాటు, కాకపోతే చివర్లో ఒకసారి కాకుండా ప్రతి అరగంటకూ చేయాలి. క్రిటాలో ఎం కీ నొక్కితే చూపు మాత్రమే తిరుగుతుంది, ఫైల్ మారదు. కాన్వాస్‌నే తిప్పే ఆదేశం వాడితే సేవ్ చేసే ముందు మళ్లీ యథాస్థితికి తేవడం మరవకండి. బొమ్మలో అక్షరాలున్నప్పుడు ఈ మరపు ఖరీదైనది.

కన్ను, నోరు కాస్త పక్కకు జరిగితే ఆ భాగాన్ని ఎంచుకుని జరిపితే చాలు. లిక్విఫై (బొమ్మను నెట్టి ఆకారం మార్చే టూల్) కూడా పనిచేస్తుంది. అయితే అది పిక్సెళ్లను సాగదీస్తుంది, ఒకే చోట నాలుగైదుసార్లు వాడితే బ్రష్ గీతలు కరిగి మసకబారతాయి. లిక్విఫై పెట్టిన ప్రతిచోటా తర్వాత కొన్ని తాజా బ్రష్ గీతలు వేయాలి.

ఎడ్జ్‌లు అంటే ఏమిటి? వాటికి ఎందుకంత ప్రాముఖ్యం?

రెండు రంగులు కలిసే అంచు ఎంత పదునుగా ఉందన్నదే ఎడ్జ్. వృత్తిగా బొమ్మలు వేసేవారి పనికీ నేర్చుకునేవారి పనికీ తేడా ఎక్కువగా ఇక్కడే బయటపడుతుంది. కత్తిరించి అతికించినట్టు అన్ని అంచులూ పదునుగా ఉంటే బొమ్మలో లోతుండదు. అన్నీ మెత్తగా ఉంటే పొగమంచులా ఉంటుంది.

పెట్టె మూల, కత్తి అంచు వంటి చోట తలం ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది కాబట్టి అంచు గట్టిగా ఉండాలి. బుగ్గ, భుజం, కుండ వంటి గుండ్రని వాటి మీద వెలుగు నుంచి నీడకు మెత్తగా జారాలి. ఒక వస్తువు మరో దానిమీద వేసే నీడ, ఆ వస్తువుకు ఆనుకుని ఉన్నచోట పదునుగా మొదలై, దూరం పోయేకొద్దీ మెత్తబడుతుంది. ముక్కు నీడను ఈ ఒక్క సూత్రంతో దిద్దితే ముఖం మారిపోతుంది, ప్రయత్నించి చూడండి. ఇక పక్కపక్క రంగుల వాల్యూ (ఎంత లేత, ఎంత ముదురు అన్నది) ఒకటే అయినచోట, ఉదాహరణకు నల్ల జుట్టు చీకటి నేపథ్యంలో కలిసేచోట, అంచును పూర్తిగా కరిగించేయవచ్చు. లేని గీతను చూసేవారి కన్నే పూరించుకుంటుంది. ఆకారం ఎక్కడుందో తెలియాలని అక్కడ లేత గీత గీస్తే స్టిక్కర్‌లా తేలుతుంది.

కరిగించడానికి స్మడ్జ్ టూల్‌ను 60–80% బలంతో, గరుకు బ్రష్ ఆకారంతో వాడండి. నున్నటి గుండ్రని స్మడ్జ్ నూనె రాసినట్టు చేస్తుంది. ఆకారాలు వేరువేరు లేయర్లలో ఉంటే స్మడ్జ్ ఒక లేయర్ పిక్సెళ్లనే లాగుతుంది, అంచు సరిగా కలవదు. పైన ఖాళీ లేయర్ పెట్టి అన్ని లేయర్ల నుంచీ శాంపిల్ తీసుకునే ఎంపిక ఆన్ చేయండి, లేదా బొమ్మ మొత్తాన్ని ఒక లేయర్‌గా కలిపిన కాపీ మీద పనిచేయండి.

చర్మం ప్లాస్టిక్‌లా కనిపిస్తోంది. ఎందుకు?

సాధారణంగా మూడు కారణాలుంటాయి, తరచూ మూడూ కలిసే వస్తాయి.

మొదటిది పెద్ద మెత్తటి ఎయిర్‌బ్రష్‌తో అంతటా రుద్దడం. తలాలన్నీ కరిగిపోయి, ముఖం బెలూన్‌లా ఉబ్బుతుంది. దిద్దుబాటు ఇలా: వెలుగు, మధ్యస్థం, నీడ అని మూడు రంగులే తీసుకుని, గట్టి అంచున్న బ్రష్‌తో 100% ఒపాసిటీలో (అడుగు రంగు కనిపించకుండా) తలాలను మళ్లీ చెక్కినట్టు వేయండి. తర్వాత రెండు తలాలు కలిసేచోట ఐడ్రాపర్‌తో రంగు తీసుకుని, ఫ్లో (బ్రష్ నుంచి రంగు పడే మోతాదు) 30–40% పెట్టి, ఆ సందులో మాత్రమే వేయండి. మళ్లీ రంగు తీయండి, మళ్లీ వేయండి. మూడు నాలుగు విడతల్లో కలుస్తుంది, తలాలు మాత్రం నిలుస్తాయి. ఈ పని నిదానంగానే సాగుతుంది, తొందరపడకండి.

రెండోది, నీడకు నలుపు, వెలుగుకు తెలుపు కలపడం. చర్మం బూడిద పూసినట్టవుతుంది. వెలుగు నీడలోకి జారే సరిహద్దు దగ్గర రంగు కాస్త గాఢంగా ఉండాలి. ముఖంలో నుదురు పసుపు వైపు, ముక్కు, బుగ్గలు, చెవులు ఎరుపు వైపు, గడ్డం ప్రాంతం కాస్త చల్లని బూడిద వైపు మొగ్గుతాయన్నది చిత్రకారులు చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. ఛాయ ఏదైనా ఈ మొగ్గు పనికొస్తుంది, మోతాదు మాత్రమే మారుతుంది. కలర్ మోడ్‌లో ఒక లేయర్ పెట్టి, మెత్తటి బ్రష్‌తో 10% ఒపాసిటీలో వేస్తే వాల్యూ చెడదు.

మూడోది మెరుపులు. నుదురంతా, ముక్కంతా, బుగ్గలంతా తెల్లగా మెరిపిస్తే చర్మం మైనంలా తయారవుతుంది. తడి ఉన్నచోట, అంటే కంటిపాపలో, కింది పెదవి మీద మెరుపు చిన్నగా, పదునుగా ఉండాలి. పొడి చర్మం మీద మెత్తగా, చర్మం రంగుకు రెండు మెట్లు మాత్రమే లేతగా చాలు. నిండు తెలుపును బొమ్మ మొత్తంలో ఒకటి రెండు చుక్కలకు దాచుకోండి.

వివరాలు ఎంతవరకు వేయాలి?

ముఖ్యమైన చోట నిండుగా, దాని చుట్టూ సగం, మిగతా అంతటా సూచనగా. చొక్కా మీది ప్రతి దారాన్నీ కంటి రెప్పలంత శ్రద్ధతో వేస్తే చూసేవారికి నిలబడే చోటే దొరకదు. 300% జూమ్‌లో గంటల తరబడి పనిచేయడమే ఈ అతికి మూలం. రెండో విండోలో అదే ఫైల్‌ను చిన్నగా తెరిచి పక్కన పెట్టుకోండి. జూమ్‌లో వేసిన వివరం ఆ విండోలో ఏ తేడా తేకపోతే అక్కడితో ఆపవచ్చు.

రంగులు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఎలా కలపాలి?

అన్నిటికన్నా పైన గ్రేడియంట్ మ్యాప్ (ముదురు నుంచి లేత దాకా ఒక్కో స్థాయికి ఒక్కో రంగిచ్చే లేయర్) పెట్టి, ముదురు చివరకు నీలం-ఊదా, లేత చివరకు వెచ్చని పసుపు ఇచ్చి, సాఫ్ట్ లైట్ మోడ్‌లో 10–20% ఒపాసిటీకి తగ్గించండి. వెన్నెల బొమ్మయితే చివరలు తారుమారవుతాయి. 20% దాటితే ఫోటో యాప్ ఫిల్టర్ వేసినట్టుంటుంది. ముఖ్యమైన చోట మాస్క్‌తో (లేయర్‌లో కొంత భాగాన్ని దాచే పొరతో) కాస్త చెరిపేస్తే అక్కడి అసలు రంగు విడిగా మెరుస్తుంది.

కర్వ్స్‌తో (వెలుగునీడల స్థాయిలు మార్చే సాధనంతో) కాంట్రాస్ట్ పెంచినప్పుడు రంగులు కూడా గాఢమై మండుతున్నట్టు కనిపిస్తాయి. ఆ కర్వ్స్ లేయర్ మోడ్‌ను లూమినాసిటీకి మార్చండి, వెలుగునీడలు మాత్రమే మారతాయి.

గ్లో సహజంగా రావాలంటే?

బొమ్మను ఒక లేయర్‌గా కలిపి కాపీ చేయండి. లెవెల్స్‌తో దాన్ని బాగా ముదురు చేసి, అసలైన వెలుగులు తప్ప మిగతాది నల్లబడేలా చూడండి. గాసియన్ బ్లర్ 40–60 పిక్సెళ్లు, మోడ్ స్క్రీన్, ఒపాసిటీ 15–25%. స్క్రీన్ మోడ్‌లో నలుపు ప్రభావం సున్నా కాబట్టి వెలుగులే వ్యాపిస్తాయి. ముదురు చేయకుండా నేరుగా బ్లర్ చేస్తే బొమ్మ మొత్తం తెల్లటి పొర కప్పుకుని, నలుపులు పలచబడతాయి. లీనియర్ డాడ్జ్ మోడ్ విలువలను నేరుగా కూడుతుంది. 200కి 100 కలిపితే 255 దగ్గర తెగిపోయి, అక్కడి వివరం మాయమవుతుంది. నిప్పురవ్వల వంటి చిన్నవాటికే అది బాగుంటుంది.

ఆకాశంలో చారలు పడుతున్నాయి. బ్రష్‌దే లోపమా?

కాదు. 8 బిట్ ఫైల్‌లో ఒక్కో ఛానెల్‌కు 256 మెట్లే ఉంటాయి. 20 నుంచి 40 వరకు జారే చీకటి ఆకాశాన్ని 2000 పిక్సెళ్ల మేర పరిస్తే, ఒక్కో మెట్టు దాదాపు 100 పిక్సెళ్ల వెడల్పున పట్టీలా కనిపిస్తుంది. వేసేశాక ఫైల్‌ను 16 బిట్‌కు మార్చినంత మాత్రాన చారలు పోవు, ఎందుకంటే మధ్య మెట్లు అసలు లేనే లేవు. 16 బిట్‌లో ఆ గ్రేడియంట్‌ను మళ్లీ వేయాలి, లేదా గ్రెయిన్‌తో మెట్ల అంచులను చెదరగొట్టాలి.

గ్రెయిన్ ఎలా వేయాలి?

పైన కొత్త లేయర్‌ను 50% బూడిదతో, అంటే 128తో నింపి, మోడ్ ఓవర్‌లే చేయండి. ఆ బూడిద ఓవర్‌లేలో ఏ మార్పూ తేదు. దానిమీద నాయిస్ ఫిల్టర్: 3–5%, గాసియన్, మోనోక్రోమాటిక్. మోనోక్రోమాటిక్ ఎంచుకోకపోతే రంగురంగుల చుక్కలు పడతాయి. తర్వాత 0.3–0.5 పిక్సెల్ బ్లర్ చేస్తే చుక్కల కరుకుదనం పోతుంది. గ్రెయిన్ వేస్తే జేపెగ్ సైజు బాగా పెరుగుతుందని గుర్తుంచుకోండి.

కాగితం, కాన్వాస్ గుడ్డ టెక్స్చర్‌లకూ ఇదే మోడ్, 10–20%. గోడకో నేలకో వేసే టెక్స్చర్ మాత్రం ఆ తలం పర్‌స్పెక్టివ్‌లోకి వంగాలి.

షార్పెన్ ఎంత చేయాలి?

2000 పిక్సెళ్లకు కుదించాక, కలిపిన కాపీ మీద హై పాస్ (అంచులను మాత్రమే మిగిల్చే ఫిల్టర్) 1–2 పిక్సెళ్లు, ఓవర్‌లే, 40–60% ఒపాసిటీ. నల్ల మాస్క్ తగిలించి, కళ్లు, పెదవులు, చేతిలోని వస్తువు వంటి చోట్ల మాత్రమే తెల్ల బ్రష్‌తో తెరవండి. మీరు కష్టపడి కరిగించిన అంచులను షార్పెనింగ్ మళ్లీ గట్టిపరచకూడదు కదా. అన్‌షార్ప్ మాస్క్ వాడితే 60–80%, వ్యాసార్థం 0.5–0.8, థ్రెషోల్డ్ 2–3. అంచుల వెంట తెల్లటి వలయం కనిపిస్తే ఎక్కువైనట్టు. బైక్యూబిక్ షార్పర్‌తో కుదించి ఉంటే అందులోనే కొంత షార్పెనింగ్ జరిగిపోతుంది, అప్పుడు సగమే చాలు.

క్రోమాటిక్ అబెరేషన్ (అంచుల్లో రంగులు విడిపోయినట్టు కనిపించే లెన్స్ లోపం) వేయాలా?

వేయకపోయినా ఏ లోటూ లేదు. వేస్తే ఎరుపు ఛానెల్‌ను 1–2 పిక్సెళ్లు జరపండి, బొమ్మ అంచుల్లోనే ఉంచి మధ్యలో మాస్క్ చేయండి. లెన్స్‌లో కూడా అది అంచుల దగ్గరే ఎక్కువ.

కనిపించని మచ్చలు, రంగు నిండని చోట్లు ఎలా పట్టుకోవాలి?

అన్నిటికన్నా అడుగున బొమ్మలో ఎక్కడా లేని గులాబీ రంగుతో ఒక లేయర్ నింపండి, రంధ్రాలన్నీ బయటపడతాయి. దారితప్పిన చుక్కలకోసం ఒక్కో లేయర్‌కు స్ట్రోక్ ఎఫెక్ట్ ఎరుపులో 5 పిక్సెళ్లు ఇవ్వండి. ఒకే ఒక్క పిక్సెల్ ఉన్నా దాని చుట్టూ ఎర్రటి వలయం వస్తుంది. చెరిపాక ఎఫెక్ట్ తీసేయండి. ప్రింట్‌కు వెళ్లే బొమ్మకు ఈ పరీక్ష తప్పనిసరి.

లైన్ ఆర్ట్ నల్లగా, విడిగా తేలుతోంది. ఏం చేయాలి?

లైన్ లేయర్‌కు ఆల్ఫా లాక్ (ఇప్పటికే వేసిన గీతల మీదే రంగు పడనిచ్చే ఎంపిక) పెట్టి, ప్రతి గీతనూ దాని పక్కనున్న రంగుకు మరింత ముదురు, మరింత గాఢమైన రూపంతో దిద్దండి. వెలుగు పడేచోట గీతను లేతగా లేదా సన్నగా చేయండి. రెండు ఆకారాలు ఒకదానిపై ఒకటి పడే సందుల్లో మాత్రం ముదురుగానే ఉంచండి.

ఇక ఆపాలని ఎలా తెలుసుకోవాలి?

బొమ్మను ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు తెరవగానే మొదటి నిమిషంలో కంటికి తగిలిన లోపాలను కాగితం మీద రాసుకోండి. అవే దిద్దండి. ఆ తర్వాత చేసే ప్రతి మార్పునూ వేరే లేయర్‌లో పెట్టి ఆన్, ఆఫ్ చేసి చూడండి. బొమ్మను చిన్నగా చూస్తూ ఏది ఆన్, ఏది ఆఫ్ అని మీరే పోల్చుకోలేకపోతే, పని అయిపోయింది.

సంతకం ఎక్కడ?

బొమ్మలోని రంగునే తీసుకుని, వెనకున్న రంగుకు రెండు మెట్ల తేడాతో. ప్రింట్‌కు వెళ్తే కోత గీతకు కనీసం 5 మిల్లీమీటర్లు లోపల.

ఫోన్‌లో చూస్తే రంగులు వేరేగా ఉన్నాయి. ఎందుకు?

ముందు కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ నైట్ లైట్ వంటి సెట్టింగ్‌లు ఆఫ్ చేసి చూడండి. అవి తెలుపునే పసుపు చేస్తాయి. తర్వాత ఫైల్ ప్రొఫైల్ (ఫైల్‌లోని సంఖ్యలు ఏ రంగులకు గుర్తో చెప్పే సమాచారం) చూడండి. ఇంటర్నెట్‌కు ఎస్‌ఆర్‌జీబీ వాడాలి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన ఈ రంగుల పరిధి 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది, ప్రొఫైల్ లేని బొమ్మలను చాలా ప్రోగ్రామ్‌లు దీనిలో ఉన్నట్టే భావిస్తాయి. అడోబ్ ఆర్‌జీబీలోనో డిస్‌ప్లే పీ3లోనో వేసి, ప్రొఫైల్ లేకుండా ఎగుమతి చేస్తే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. కన్వర్ట్ చేయండి, అసైన్ చేయకండి. కన్వర్ట్ సంఖ్యలను మార్చి రూపాన్ని కాపాడుతుంది. అసైన్ సంఖ్యలను అలాగే ఉంచి రూపాన్ని మార్చేస్తుంది.

జేపెగ్‌లో ఎరుపు అంచులు ఎందుకు చెదిరిపోతాయి?

జేపెగ్ చాలాసార్లు వెలుగును పూర్తి వివరంతో, రంగును సగం వెడల్పు, సగం ఎత్తులో దాస్తుంది. అంటే నాలుగు పిక్సెళ్లకు ఒకే రంగు సమాచారం. చీకటి మీద నిండు ఎరుపు ఉన్నచోట ఇది కంటికి తెలిసిపోతుంది. ఎగుమతి సెట్టింగ్‌లో సబ్‌శాంప్లింగ్ 4:4:4 (రంగును కుదించని ఎంపిక) ఎంచుకుని, నాణ్యత 90 దగ్గర పెట్టండి, లేదా పీఎన్‌జీ వాడండి. జేపెగ్‌ను తెరిచి, దిద్ది, మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేయకండి. ప్రతిసారీ కొంత పోతుంది.

ప్రింట్‌కు ఎన్ని పిక్సెళ్లు కావాలి?

చేతిలో పట్టుకుని చూసే ప్రింట్‌కు అంగుళానికి 300. ఏ4కు 2480 × 3508, ఏ3కి 3508 × 4961, ఏ2కు 4961 × 7016. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) కలిపితే ఏ4 2551 × 3579 అవుతుంది. రెండు మీటర్ల దూరం నుంచి చూసే పోస్టర్‌కు 150 సరిపోతుంది. రీశాంపుల్ (పిక్సెళ్ల సంఖ్యను మార్చే ఎంపిక) ఆఫ్‌లో ఉంచి 72ను 300గా మార్చితే ఒక్క పిక్సెల్ కూడా పెరగదు, కాగితం మీద బొమ్మ చిన్నదవుతుందంతే.

ప్రింట్ చీకటిగా, రంగులు చప్పగా వచ్చింది. ఎలా సరిచేయాలి?

చీకటికి కారణం ఎక్కువసార్లు మానిటర్ మితిమీరిన వెలుగే. చదరపు మీటరుకు 80–120 కాండెలాల మధ్య ఉంచితే కాగితానికి దగ్గరగా ఉంటుంది. కొలిచే పరికరం లేకపోతే, మామూలు గది వెలుగులో తెల్లకాగితాన్ని తెర పక్కన పట్టి, తెరమీది తెలుపు దానికి సరిపోయేదాకా వెలుగు తగ్గించండి.

చప్పదనానికి కారణం వేరు. నిండు నీలం, మెరిసే ఆకుపచ్చ, మండే నారింజ రంగుల్ని సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) సిరాలు చేరుకోలేవు. ప్రెస్ వారిని ప్రొఫైల్ అడిగి తీసుకుని సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో తెరమీదే చూపే ఎంపిక) ఆన్ చేసి చూడండి. ఫోటోషాప్‌లో కంట్రోల్ వై. అందులో ఆరిపోయిన రంగులను మీరే చేతితో దిద్దుకోవాలి. ఆ రంగు గాఢత రాకపోతే, పక్క రంగును కాస్త బూడిదకు లాగండి, మొదటిది నిండుగా అనిపిస్తుంది. నలుపుల్లో నాలుగు సిరాల మొత్తం ప్రెస్ చెప్పిన పరిమితి దాటితే సిరా ఆరక కాగితానికి అంటుకుంటుంది. చాలా ప్రెస్‌లలో అది 300% దగ్గర ఉంటుంది. పెద్ద సైజు వేయించే ముందు ముఖ్యమైన భాగాన్ని చిన్న పట్టీగా అదే కాగితం మీద టెస్ట్ ప్రింట్ తీయించండి.

లేయర్లన్నీ కలిపేయవచ్చా?

కాపీలో కలపండి, అసలు ఫైల్‌లో వద్దు. పీఎస్‌డీ ఫైల్‌కు ఒక్కో వైపు 30,000 పిక్సెళ్లు, మొత్తం 2 జీబీ హద్దు. అది దాటితే పీఎస్‌బీగా సేవ్ చేయాలి. లేయర్లున్న అసలు ఫైల్, కలిపిన పూర్తి సైజు టిఫ్, ఇంటర్నెట్‌కు పెట్టే చిన్న ఫైల్ అని మూడింటినీ ఒకే ఫోల్డర్‌లో, పేరు చివర తేదీతో ఉంచండి. ఆ ఫోల్డర్ కాపీ ఒకటి వేరే డిస్క్‌లో, ఇంకొకటి క్లౌడ్‌లో ఉండాలి.